నీళ్ళు కొరుకుతున్నాయి

"అమ్మా, నీళ్ళు కొరుకుతున్నాయి" అంది సుహిత.
కుళాయి కింద చేయి పెట్టి చూశాను,
వేడి తప్ప ఏమీ తెలియలేదు.
నా కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి మరి.

హొరమావులో డిసెంబరు.
బోరు నీళ్ళు బకెట్లో గంటసేపు ఉంచితే
అడుగున సున్నం కొట్టినట్టు తెల్లపొర.
ఓనరు పుట్టస్వామిగారు ఫోన్లో
"వేడెక్కుతోంది కదమ్మా, ఇంకేం" అన్నారు.
మూడు రోజులు నేనూ అదే అనుకున్నాను,
ఇంకేం, అని.
నాలుగోరోజు పిల్ల స్నానాల గది గడప దాటనంది.

మునిరాజుది ముళబాగిలు పక్క పల్లె.
వచ్చీ రాగానే గీజరు వైపు చూడలేదు.
"బోర్డు యాడుందక్కా?"
స్విచ్చి ఆపేశానని చెప్పాను.
"స్విచ్చి మాటిస్తాది, నిలబెట్టుకోదు."
గీజరు ఎంసీబీ దించి, ఎవరూ ఎత్తకుండా టేపు అంటించి,
టెస్టరు పట్టుకుని ముందు వంటింట్లోకి పోయాడు,
ఫ్రిజ్జు ప్లగ్గులో పెట్టి చూశాడు.
"ఇది బతికుందో లేదో తెలియాల గదా.
చచ్చిన టెస్టరు అన్నీ చచ్చినాయనే చెప్తాది."

వాల్వు మూసి, వేడి కుళాయి తిప్పి,
పైపు విప్పితే దూకింది గంజి.
దాని వెనక పదకొండేళ్ళ సున్నం
గులకరాళ్ళై గలగలా బకెట్లో రాలింది.
సుహిత నాలుగు ఏరుకుని
కడిగి కిటికీలో ఆరబెట్టింది.

సేఫ్టీ వాల్వు మూతికి ఎంసీల్ ముద్ద.
"ఎవరు మూసిరక్కా దీన్ని?
లోపల ఉడుకెక్కువైతే ఊపిరి వదిలేది ఇక్కడే.
కుక్కరు విజిలు గుడ్డతో కట్టేస్తామా?"
మడతపెట్టిన తువ్వాలునే నేను మళ్ళీ మడతపెట్టాను.
రెండేళ్ళ కిందట, అర్ధవార్షిక పేపర్లు దిద్దుతున్న రాత్రి
టప్ టప్ మని ఒకటే చుక్క, ఒకటే చుక్క.
పిసికి అదిమింది నేనే.
ఎండిన ముద్ద మీద బొటనవేలి గీతలు కూడా
అలాగే ఉన్నాయి.

తరవాత గోడలో పెట్టె మూత తీశాడు.
చాలాసేపు మాట్లాడలేదు.
పచ్చవైరు ఎక్కడికీ పోలేదు.
తల తుంచి, వెనక్కి మడిచి, నల్లటేపు చుట్టి ఉంది.
టేపు చివర చిన్న చెవి.

"ఈ చెవి నాదక్కా."

అప్పుడు పంతొమ్మిదేళ్ళట. ఖలీల్ మేస్త్రి కింద పని.
"ఈ బిల్డింగుకి ఎర్తే లేదు అప్పుడు.
మడిచెయ్‌రా, సాయంత్రానికి ఇంకో ఇల్లుంది అన్యా.
మడిస్తిని.
రేపు విప్పేటోడు గోళ్ళతో గీక్కోకూడదని
టేపుకి ఎప్పుడూ చెవి పెడతాను.
ఆ విప్పేటోడు నేనే అవుతానని..."
మిగతా మాట
స్క్రూడ్రైవరు కొనతో నేల మీద గీశాడు.

మీటరు దగ్గర ఎర్తు గుంట నాలుగేళ్ళ కిందటే వేశారు,
బొగ్గూ ఉప్పూ పోసి, రాగి రేకు పాతి.
పైదాకా తేవడమే ఎవరికీ గుర్తు లేదు.
భోజనానికి లేవకుండా రెండంతస్తులు
పచ్చవైరు లాక్కొచ్చాడు,
బావిలోంచి చేదినట్టు.

కొత్త గీజరు ఎక్కింది.
గాలి బుడగలన్నీ తుమ్మి తుమ్మి
ధార నిలకడగా పడేదాకా కరెంటివ్వలేదు.
"ఎండు కడుపులో సారా పోయకూడదక్కా."
వాల్వుకి సన్నపైపు తగిలించి మోరీలోకి వదిలాడు.
"ఇది కారతాది. కారనీ. అదే దాని పని."
వైరుకి డబ్బులు తీసుకోలేదు.
బలవంతం చేస్తే మొహం తిప్పుకున్నాడు.

నేనూ చెప్పి ఉండాల్సింది.
అతను మెట్లు దిగేదాకా
మాట నాలుక మీదే ఉంది.

ఇవాళ సుహిత వట్టికాళ్ళతో నిలబడి
చెంబు తరవాత చెంబు, పాట పాడుకుంటూ.
కిటికీలో నాలుగు సున్నపు రాళ్ళ పక్కన
ఐదోది చేరింది, బూడిదరంగుది.
ఇది కూడా గీజరులోదేనా అని అడుగుతోంది.
రాత్రి మోరీలో
టప్.
టప్.
లేచి చూడలేదు.